రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకి కీళ్లలో రక్తం ఎందుకు చేరుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె వాల్వ్ మార్పించుకున్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు రక్తం పల్చబడే మాత్రలు వాడతారు. అలాంటివాళ్లు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్త పరీక్ష) చూపించుకోవడానికి వచ్చే క్లినిక్‌లో నేను ఫార్మసిస్టుని. "మోకాలు వాచింది, నీరు అనుకుని తీస్తే రక్తం వచ్చింది" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువమంది ఉండరు. కానీ వచ్చినవాళ్లందరూ అడిగే మాటలు దాదాపు అవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫర్వాలేదు. మోతాదు పెంచడం, తగ్గించడం, ఆపడం మాత్రం మీ డాక్టర్ చేతిలోని పని. ఇది చదివి మీరే మార్చుకోవద్దు.

## ముందుగా వచ్చే సందేహాలు

రక్తం పల్చబడటం అంటే రక్తం నిజంగా నీళ్లలా అయిపోతుందా?

అవదు. పేరు అలా స్థిరపడిపోయింది కానీ రక్తం చిక్కదనంలో తేడా ఉండదు. గడ్డకట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది, అంతే. వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి లివర్ విటమిన్ కె సాయంతో తయారుచేసే 2, 7, 9, 10 నంబర్ల గడ్డకట్టే పదార్థాలను తగ్గిస్తాయి. డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ ఆ గొలుసులో ఒకే ఒక్క మెట్టు దగ్గర అడ్డుపడతాయి. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ దారి వేరు, అవి ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతుక్కోనివ్వవు.

వార్ఫరిన్ కథ పశువుల దగ్గర మొదలైంది. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న ఆవులకి కొమ్ములు కోస్తే రక్తం ఆగేది కాదు, కొన్ని చచ్చిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచి కారణమైన పదార్థాన్ని వేరుచేసింది. దాని బంధువైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చింది, 1954లో మనుషుల మందైంది. "ఎలుకల మందు ఇస్తున్నారా మాకు" అని అడిగేవాళ్లకి ఈ కథ చెప్తాను. నవ్వుతారు, ఆ తర్వాత డోసు విషయంలో కాస్త జాగ్రత్తగా ఉంటారు.

ఒంట్లో ఇన్ని చోట్లుండగా రక్తం కీలులోకే ఎందుకు వెళ్తుంది?

నిజానికి ఈ మాత్రలతో ముక్కు, చిగుళ్లు, మూత్రం, పేగుల నుంచి రక్తం రావడమే ఎక్కువ. కీలు వంతు ఆ తర్వాతే. అయితే కీలు లోపలి పొర నిండా సన్నటి రక్తనాళాలుంటాయి. నాళం తెగగానే గడ్డకట్టే పనిని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ అనే పదార్థం ఆ పొరలో తక్కువ. పైగా మోకాలు రోజంతా మన బరువు మోస్తుంది, మెలికలు తిరుగుతుంది. చిన్న నాళం తెగినా మామూలు మనిషికి అక్కడే ఆగిపోతుంది. మాత్ర మీద ఉన్నవాళ్లకి ఆగడం ఆలస్యమవుతుంది. కీలు మూసి ఉన్న సంచి లాంటిది కాబట్టి వచ్చిన రక్తమంతా అందులోనే నిలుస్తుంది. మోకాలికే ఎక్కువ, ఆ తర్వాత భుజం, చీలమండ, మోచేయి, తుంటి.

ఈ మాత్రలు వాడే అందరికీ ఎప్పటికైనా ఇలా అవుతుందా?

లేదు. ఇరవై ఏళ్లుగా అసిట్రోమ్ వేసుకుంటూ ఒక్కసారి కూడా కీలు వాయనివాళ్లను నేనే చూశాను. మాత్ర ఒక్కటే కీలులో రక్తం తెప్పించడం తక్కువ. దానికి ఇంకొకటి తోడవ్వాలి. కీలు ముందే పాడై ఉండటమో, కొత్తగా వేసుకున్న ఇంకో మందో, జ్వరమో, డోసు పొరపాటో. ఆ రెండోది ఏమిటో పట్టుకోకపోతే మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది.

## వాచిన రోజు

ఉన్నట్టుండి మోకాలు వాచింది. అది రక్తమా, మామూలు నీరా ఎలా తెలుస్తుంది?

చూసి చెప్పడం డాక్టర్‌కీ కష్టమే. కొన్ని గుర్తులు అనుమానం పెంచుతాయి. కొన్ని గంటల్లోనే బిగుతుగా వాచడం, తాకితే వెచ్చగా ఉండటం, మడవలేక చాపలేక మధ్యలో ఆగిపోవడం, వాపు కంటే ముందే లోపల ఏదో నిండుతున్నట్టు, చిమచిమలాడినట్టు అనిపించడం. అరుగుదల వల్ల వచ్చే నీరు సాధారణంగా రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది. చర్మం మీద నల్లగా కమిలి ఉండాలనేం లేదు, రక్తం లోపలి సంచిలో ఉంటే పైకి కనిపించదు. ఖాయంగా చెప్పేది సూదితో తీసిన ద్రవమే.

నొప్పి ఓర్చుకోలేకపోతున్నారు. ఇంట్లో ఏ మాత్ర ఉంటే అది వేసేయొచ్చా?

వేయకండి. మన ఇళ్లలో డబ్బాలో ఉండే నొప్పి మాత్రల్లో సగం ఇక్కడ హాని చేసేవే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ ఉంటుంది, జీరోడాల్-పి లో ఎసిక్లోఫెనాక్ ఉంటుంది. ఇవి ప్లేట్‌లెట్ల పనిని తగ్గిస్తాయి, కడుపులో పుండ్లు చేస్తాయి. వాటి మీద పల్చబడే మాత్ర కూడా ఉంటే చెప్పక్కర్లేదు. పారాసెటమాల్ ఒక్కటే వేసుకోవచ్చు. అదైనా డోలో 650 రోజుకి మూడేస్తే దాదాపు 2 గ్రాములవుతుంది. అలా చాలా రోజులు వాడితే వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్ల ఐఎన్ఆర్ కూడా పెరుగుతుంది. డాక్టర్‌ని చూసేదాకా ఒకటో రెండో వేసుకుంటే చాలు. నొప్పికి అసలు మందు కీలుకి విశ్రాంతి, ఐసు.

తైలం రాసి మర్దన చేస్తే తగ్గదా? పుత్తూరు కట్టు వేయించమంటున్నారు.

విరిగిన ఎముకకి పుత్తూరు వెళ్లే అలవాటు మనకి తరాలుగా ఉంది, దాని మీద నాకు వాదం లేదు. కానీ రక్తం పల్చబడే మాత్ర వాడే మనిషి కీలు వాస్తే దాన్ని లాగడం, నొక్కడం, మర్దన చేయడం ఏ చేతులతో చేసినా ప్రమాదమే. ఆగబోతున్న రక్తాన్ని మళ్లీ మొదలుపెట్టినట్టవుతుంది. వేడి కాపడం కూడా వద్దు, వేడికి నాళాలు తెరుచుకుంటాయి. ఐసుని గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి తీయండి, రెండు మూడు గంటలాగి మళ్లీ పెట్టొచ్చు. కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. క్రేప్ బ్యాండేజ్ వేస్తే వేళ్లు చల్లబడేంత బిగించకండి.

ఈ రాత్రి మాత్ర వేసుకోవాలా, మానేయాలా?

ఫోన్ చేసి అడగండి. రాత్రి తొమ్మిదైనా సరే, ఆస్పత్రి ఎమర్జెన్సీకైనా చేయండి. ఎందుకంటే జవాబు మాత్ర ఎందుకు వాడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. ఇనుప వాల్వ్ ఉన్నవాళ్లు సొంతంగా నాలుగైదు రోజులు మానేస్తే వాల్వ్ మీద గడ్డకట్టి బిగుసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. మోకాలు వాపు మనిషిని మంచాన పడేస్తుంది కానీ వాల్వ్ బిగుసుకుంటే ప్రాణమే పోతుంది. ఒకవేళ ఫోన్ దొరకలేదు, వాపు కళ్లముందే పెరుగుతోంది అంటే మాత్ర గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా బయల్దేరండి. చీటీ, మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి.

ఏవి ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు?

జ్వరం, వణుకుతో పాటు కీలు వాచడం. కాలు మొద్దుబారడం, పాదం చల్లబడటం. పడినప్పుడు తలకి దెబ్బ తగలడం, ఆ తర్వాత తలనొప్పి, వాంతి, మగత. నల్లటి విరేచనం. తొడ లేదా పిక్క రాయిలా గట్టిపడటం. కళ్లు తిరగడం, చెమటలు పట్టడం.

## కారణం వెతికేటప్పుడు

మా అమ్మ పడలేదు, దెబ్బ తగల్లేదు. మరి రక్తం ఎలా వచ్చింది?

ఇదే అందరికంటే ఎక్కువగా వినే ప్రశ్న. అరవై దాటినవాళ్లలో ముందు అనుమానించాల్సింది మోకీళ్ల అరుగుదల. గుజ్జు అరిగిన కీలులో లోపలి పొర ఉబ్బి, మడతలుగా పెరిగి, ఎముకల మధ్య నలుగుతుంటుంది. ఎముక అంచులకి ముళ్లలా పెరిగినవి దాన్ని గీరుతుంటాయి. దీనికి దెబ్బ అక్కర్లేదు. కింద కూర్చుని లేవడం, ఎత్తైన బస్సు మెట్టెక్కడం, పూజకి గంటసేపు బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చాలు. అమ్మ దాన్ని దెబ్బగా లెక్కేయదు కాబట్టి "ఏమీ జరగలేదు" అంటుంది.

నేను ప్రశ్న మార్చి అడుగుతాను: "వాపుకి ముందు రెండు రోజులు ఏం పనులు చేశారమ్మా?" అప్పుడు చెప్తారు, అలిపిరి మెట్లెక్కామనో, అట్ల మీద అట్లు పోస్తూ గంటలకొద్దీ నిలబడ్డామనో, మనవణ్ణి ఎత్తుకుని మేడ మీదకెళ్లామనో. అంతకంటే వయసు తక్కువవాళ్లలో లోపలి లిగమెంట్, మెనిస్కస్ (మోకాల్లో దిండులా ఉండే గుజ్జు) చిరగడం కూడా చూడాలి. కాలు మెలితిరిగిన రోజు అంత నొప్పి ఉండకపోవచ్చు.

ఐఎన్ఆర్ 2.6 వచ్చింది, రేంజ్‌లోనే ఉంది కదా. అయినా ఎందుకు?

చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలంటారు. మైట్రల్ (గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య) స్థానంలో ఇనుప వాల్వ్ ఉన్నవాళ్లకి 2.5 నుంచి 3.5. రేంజ్‌లో ఉంటే రక్తస్రావం తక్కువ, అసలు రాదని కాదు. నంబర్ బాగుండి కూడా కీలులో రక్తం చేరిందంటే రెండు విషయాలు చూడాలి. ఒకటి, కీలులోనే ఏదో లోపం ఉంది. రెండు, ఐఎన్ఆర్‌లో కనిపించని మందు ఏదో నడుస్తోంది. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, నొప్పి మాత్రలు రక్తం ఆగడాన్ని ఆలస్యం చేస్తాయి కానీ ఐఎన్ఆర్ నంబర్‌ని మార్చకపోవచ్చు. పరీక్ష చేసిన రోజు కూడా గమనించండి. సోమవారం వాచి, గురువారం రక్తమిస్తే, మధ్యలో రెండు డోసులు ఆపేసి ఉంటే ఆ 2.6 సోమవారం సంగతి చెప్పదు.

ఐఎన్ఆర్ ఏకంగా 7 వచ్చింది. మేం ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు!

నమ్ముతాను. డోసు మారకుండానే నంబర్ ఎగబాకే దారులు చాలా ఉన్నాయి. గత రెండు మూడు వారాల్లో ఏం మారిందో గుర్తు తెచ్చుకోండి.

మొదట యాంటీబయాటిక్స్. లూజ్ మోషన్లకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ రకాలు, మూత్రంలో మంటకి ఇచ్చే సెప్ట్రాన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకోనజోల్. వీటిలో కొన్ని లివర్ వార్ఫరిన్‌ని బయటికి పంపకుండా అడ్డుకుంటాయి, దాంతో అదే మాత్ర ఎక్కువ మాత్రల పని చేస్తుంది. ఐదు రోజుల కోర్సు అయిపోయింది కదా అని మర్చిపోతారు, ఐఎన్ఆర్ మాత్రం ఆ కోర్సు చివర్లో శిఖరం మీద ఉంటుంది. గుండె లయకి ఇచ్చే అమియోడరోన్ ఇంకా మొండిది. దాని ప్రభావం వారాల తరబడి పెరుగుతూ పోతుంది, ఆపేశాక కూడా నెలలపాటు ఉంటుంది.

తర్వాత జబ్బు. జ్వరంలో గడ్డకట్టే పదార్థాలు త్వరగా ఖర్చైపోతాయి. విరేచనాల్లో విటమిన్ కె ఒంటబట్టదు. నాలుగు రోజులు జావ, బ్రెడ్డు మీద ఉంటే తిండిలోంచి వచ్చేది కూడా తగ్గుతుంది. అంటే జ్వరం, మోషన్లు, యాంటీబయాటిక్, తినకపోవడం నాలుగూ ఒకే వారంలో కలుస్తాయి. 7 వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు. గుండె బలహీనపడి లివర్ ఉబ్బినా, కామెర్లొచ్చినా, థైరాయిడ్ ఎక్కువైనా, పండక్కి మద్యం ఎక్కువ తాగినా పెరుగుతుంది.

మాత్రల్లో పొరపాటు జరిగి ఉండొచ్చా? నాన్నగారే వేసుకుంటారు.

ఉండొచ్చు, ఎవరూ దీన్ని అవమానంగా అనుకోకూడదు. అసిట్రోమ్, వార్ఫ్ (వార్ఫరిన్) రెండూ వేర్వేరు ఎం.జి.లలో వస్తాయి. "సోమ, బుధ, శుక్ర 3, మిగతా రోజులు 2" అన్న లెక్కని ఎనభై ఏళ్ల మనిషి కంటిచూపు తగ్గిన కళ్లతో పాటించాలి. అర మాత్రకి బదులు ఒకటి పడిపోతుంది. నిన్న మర్చిపోయాను కదా అని ఇవాళ రెండు వేసుకుంటారు. అలా చేయకూడదు.

ఇంకో పొరపాటు షాపులో జరుగుతుంది. అసిట్రోమ్ లేదు, అదే మందు అని వార్ఫ్ ఇస్తారు. రెండూ ఒకే కుటుంబం, కానీ ఎం.జి.కి ఎం.జి. సమానం కాదు. అసిట్రోమ్ ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతుంది, వార్ఫరిన్ చాలా నిదానం. మా క్లినిక్‌కి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: వారం గదుల మాత్రల డబ్బా కొనండి, ఆదివారం ఇంట్లో ఇంకెవరైనా నింపండి, ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా తెచ్చి చూపించండి. నాలుగు ప్రశ్నలడిగినా తేలని సంగతి స్ట్రిప్పులో మిగిలిన మాత్రలు లెక్కపెడితే తేలిపోతుంది.

ఆకుకూరలు వద్దన్నారని పూర్తిగా మానేశాం. అదే మంచిది కదా?

మంచిది కాదు. వార్ఫరిన్, అసిట్రోమ్ డోసుని మీ మామూలు తిండికి తగ్గట్టు సరిచేస్తారు. తోటకూర, పాలకూర, మెంతికూర, మునగాకు, కొత్తిమీరలో విటమిన్ కె దండిగా ఉంటుంది. వాటిని వారానికి రెండు మూడు సార్లు తినే ఇంట్లో ఉన్నట్టుండి మానేస్తే ఐఎన్ఆర్ పైకి వెళ్తుంది, రక్తం కారే అవకాశం పెరుగుతుంది. ఒక్కసారిగా రోజూ తినడం మొదలుపెడితే కిందికి పడుతుంది, గడ్డకట్టే భయం. ఎంత తింటారన్నదాని కంటే ప్రతి వారం ఒకేలా తినడం ముఖ్యం. కార్తీకంలో ఒంటిపూట భోజనం, అయ్యప్ప దీక్ష, రంజాన్ ఉపవాసాలు లాంటివి మొదలుపెట్టే ముందు చెప్తే ఆ రోజుల్లో ఒక పరీక్ష ఎక్కువ చేయించొచ్చు. డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ వాడేవాళ్లకి ఆకుకూరల పట్టింపే లేదు.

టీబీ మందుల కోర్సు అయిపోయిన నెలకి మోకాలు వాచింది. సంబంధం ఉందా?

ఉండొచ్చు. రిఫాంపిసిన్ ఉన్నన్నాళ్లు వార్ఫరిన్ ఒంట్లో త్వరగా కరిగిపోతుంది, అందుకని డోసు బాగా పెంచి ఇస్తారు. రిఫాంపిసిన్ ఆపేశాక లివర్ రెండు మూడు వారాల్లో మామూలు వేగానికి వస్తుంది. అప్పటికీ పెంచిన డోసే వేసుకుంటూ ఉంటే ఐఎన్ఆర్ ఎగిరిపోతుంది. టీబీ మందులు ఒకచోట, గుండె మందులు ఇంకోచోట తీసుకునేవాళ్లకి ఇది తరచుగా జారిపోతుంది. ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్ ఆపినప్పుడూ ఇదే కథ.

మాది ఐఎన్ఆర్ అక్కర్లేని కొత్త మాత్ర. దాంతోనూ ఇలా వస్తుందా?

రావచ్చు. ఇక్కడ ముందు చూడాల్సింది కిడ్నీలు. డాబిగాట్రాన్‌లో దాదాపు 80 శాతం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అపిక్సాబాన్‌కి అది పావు వంతు చిల్లర. షుగరు, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి ఎండాకాలంలో వాంతులు, మోషన్లు పట్టుకుంటే క్రియాటినిన్ పెరుగుతుంది, మందు ఒంట్లోనే పేరుకుంటుంది. డాబిగాట్రాన్‌తో వెరాపమిల్, రివరోక్సాబాన్‌తో ఇట్రాకొనజోల్ లాంటివి కలిసినా మోతాదు పెరిగినట్టే. తామరకి చర్మం డాక్టర్ రాసే మాత్రల్లో ఇట్రాకొనజోల్ మామూలే, గుండె మందు వాడుతున్నానని అక్కడ చెప్పేవాళ్లు తక్కువ.

ఎకోస్ప్రిన్ మేం వాడట్లేదు, అయినా డాక్టర్ రెండు పల్చబడే మందులు నడుస్తున్నాయన్నారు. ఎలా?

కొలెస్ట్రాల్ మాత్ర పేరు చూడండి. ఎకోస్ప్రిన్-ఏవీ అంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిసిన క్యాప్సూల్. క్లోపిటాబ్-ఏ అంటే క్లోపిడోగ్రెల్‌తో ఆస్పిరిన్. స్టెంట్ వేసినప్పుడు ఒకరు, గుండె లయకి ఇంకొకరు రాసిన చీటీలు పక్కపక్కన నడుస్తూ ఉంటాయి. కొందరికి రెండూ అవసరమే, కొంతకాలానికి మాత్రమే. ఆ కొంతకాలం ఎప్పుడో దాటిపోయినా ఆపమని ఎవరూ చెప్పకపోవడమే నేను చూసే సమస్య. మీరే ఆపకండి, "ఇది ఇంకా కావాలా?" అని అడగండి.

పసుపు, వెల్లుల్లి, ఆయుర్వేదం పొడులు కూడా కారణమవుతాయా?

కూరలో పసుపు, పోపులో వెల్లుల్లి గురించి టెన్షన్ పడక్కర్లేదు. క్యాప్సూల్‌గా అమ్మే పసుపు సారం, వెల్లుల్లి సారం, గింగో వేరు సంగతి, వాటి మోతాదు వంట మోతాదు కాదు. నన్ను ఎక్కువ భయపెట్టేది కీళ్ల నొప్పులకి పేరూ చిరునామా లేకుండా పొట్లాల్లో వచ్చే పొడులు. అలాంటివాటిలో స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ కలిపి దొరికిన సందర్భాలున్నాయి. రెండు రోజుల్లో మాయమైనట్టు నొప్పి తగ్గిందంటే నాకు అనుమానం.

మాత్ర కాకుండా ఇంకేదైనా జబ్బు ఉండొచ్చా?

ఉండొచ్చు, అందుకే అన్నీ మాత్ర మీదకి తోసేయకూడదు. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోతే మాత్ర సాధారణ డోసు కూడా ఎక్కువే. కీలు లోపలి పొర గడ్డలా పెరిగే జబ్బు ఒకటుంది, దాన్ని పీవీఎన్ఎస్ అంటారు. అందులో ఒకే మోకాలు మళ్లీ మళ్లీ రక్తంతో నిండుతుంది, ఎంఆర్ఐలో తెలుస్తుంది. కీలులో క్యాల్షియం స్ఫటికాలు, గౌట్ ఉంటే వాపుకి రక్తం తోడవుతుంది. పెద్దవాళ్లలో ఎముక సన్నగా చిట్లి ఉండొచ్చు. చిన్నప్పటి నుంచి పన్ను పీకితే రక్తం ఆగని చరిత్ర ఉంటే హీమోఫీలియా రకం లోపం కూడా చూస్తారు. మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లలో నెలలు, ఏళ్ల తర్వాత కూడా లోపలి పొర నలిగి రక్తం రావచ్చు.

నొప్పి గజ్జల్లో ఉంది, కాలు చాపలేకపోతున్నారు. తుంటి కీలేనా?

కీలు కాకుండా కడుపు వెనక నుంచి తొడకి దిగే కండరంలో రక్తం చేరి ఉండొచ్చు. కాలు ముడుచుకుంటే హాయి, చాపితే ప్రాణం పోతుంది. తొడ ముందు భాగం మొద్దుబారుతుంది, మోకాలు వంగిపోతూ నిలబడలేరు. అక్కడ లీటర్ రక్తం చేరినా పైకి కనిపించదు. స్కాన్ అదే రోజు కావాలి.

## ఆస్పత్రిలో

పల్చబడే మాత్ర మీద ఉన్నవాళ్ల మోకాల్లో సూది పెట్టడం ఇంకా ప్రమాదం కాదా?

అందరికీ వచ్చే భయమే. ఐఎన్ఆర్ రేంజ్‌లో ఉన్నప్పుడు అనుభవం ఉన్న చేత్తో తీస్తే దానివల్ల మళ్లీ రక్తం కారడం చాలా అరుదు. నంబర్ మరీ ఎక్కువుంటే ముందు దాన్ని దించి తీస్తారు. తీయడం వల్ల బిగువు తగ్గి నొప్పి వెంటనే దిగుతుంది. అంతకంటే పెద్ద కారణం చీము లేదని రుజువు చేసుకోవడం. రక్తం ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదనలేం, ద్రవాన్ని కల్చర్‌కి (సూక్ష్మజీవులు ఉన్నాయేమో పెంచి చూసే పరీక్ష) పంపాల్సిందే.

తీసిన రక్తం మీద నూనె చుక్కలు తేలాయని ఎక్స్‌రేకి పంపారు. ఎందుకు?

ఆ నూనె ఎముక మూలుగలోని కొవ్వు. అది కీలులోకి వచ్చిందంటే ఎముక ఎక్కడో చిట్లి ఉండాలి. ఎక్స్‌రేలో దొరక్కపోతే సీటీ తీస్తారు.

రక్త పరీక్షలు ఏమేం చేస్తారు?

ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు, హీమోగ్లోబిన్, క్రియాటినిన్, లివర్ పరీక్షలు. రివరోక్సాబాన్, అపిక్సాబాన్ వాడేవాళ్లకి ఐఎన్ఆర్ మామూలుగా వచ్చినా మందు ఒంట్లో లేదని అర్థం కాదు. అందుకే చివరి మాత్ర ఏ టైంకి వేసుకున్నారని పదేపదే అడుగుతారు. గుర్తుపెట్టుకుని వెళ్లండి.

విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చేస్తే ఒక్కరోజులో అయిపోదా?

వార్ఫరిన్, అసిట్రోమ్‌కే అది విరుగుడు, కొత్త మాత్రలకి పనిచేయదు. పనిచేసినా గంటలు పడుతుంది, ఎందుకంటే లివర్ కొత్తగా పదార్థాలు తయారుచేయాలి. తొందర ఉంటే ప్లాస్మా, పీసీసీ (గడ్డకట్టే పదార్థాల గాఢ మిశ్రమం) ఎక్కిస్తారు. డాబిగాట్రాన్‌కి ఇడారుసిజుమాబ్ అనే ప్రత్యేక విరుగుడుంది. వాల్వ్ ఉన్నవాళ్లకి విటమిన్ కె ఎడాపెడా ఇస్తే ఆ తర్వాత వారం రోజులు అసిట్రోమ్ ఎంత వేసినా ఐఎన్ఆర్ ఎక్కదు, ఆ వారం వాల్వ్‌కి గండం. డాక్టర్ చిన్న డోసిచ్చి ఆగి చూస్తుంటే నిర్లక్ష్యం అనుకోకండి.

డిశ్చార్జ్ కాగితంలో "మేజర్ బ్లీడింగ్" అని రాశారు. మోకాలికి అంత మాటా?

అంతర్జాతీయ లెక్కల్లో కీలులో రక్తస్రావం ఆ జాబితాలోనే ఉంది, మెదడు, కంటి లోపలి రక్తస్రావాల పక్కన. కారణం రక్తం పరిమాణం కాదు, అది చేరిన చోటు. ప్రాణం మీదకి వచ్చిందని దాని అర్థం కాదు.

## ఇంటికి వచ్చాక

మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారు?

ఒకే తేదీ అందరికీ ఉండదు. ఇనుప వాల్వ్ ఉంటే వీలైనంత త్వరగా, ఒక్కోసారి ముందు హెపారిన్ ఇంజెక్షన్‌తో. మూడేళ్ల కిందట కాలి సిరలో గడ్డకట్టినవాళ్లయితే "ఇంకా కావాలా?" అన్న ప్రశ్నే ముందు వస్తుంది. డిశ్చార్జ్ రోజే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: మొదలుపెట్టే తేదీ, ఎం.జి., తర్వాతి ఐఎన్ఆర్ తేదీ.

ఈ గొడవంతా ఎందుకు, వాల్వ్ ఉన్నా కొత్త మాత్రకి మారిపోతే?

ఇనుప వాల్వ్ ఉంటే కుదరదు. డాబిగాట్రాన్‌తో ప్రయత్నించి చూశారు. గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువై ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. రుమాటిక్ జ్వరంతో వాల్వ్ దారి ఇరుకై గుండె లయ తప్పినవాళ్లకి కూడా పాత రకం మాత్రలే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అనే అధ్యయనం చెప్పింది. మన దగ్గర వాల్వ్ రోగుల్లో ఎక్కువమంది ఈ కోవలోనే ఉంటారు. మామూలు గుండె లయ సమస్య, సిరల్లో గడ్డ ఉన్నవాళ్లకైతే మారే విషయం అడగొచ్చు.

నడక ఎప్పటినుంచి? పడుకునే ఉండాలా?

మొదటి ఒకటి రెండు రోజులు బరువు మోపకండి. వాపు తగ్గుముఖం పట్టగానే పడుకునే తొడ కండరం బిగించి వదిలే వ్యాయామం మొదలుపెట్టాలి, లేకపోతే కండరం కరిగి కీలు ఇంకా వదులవుతుంది. కింద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ కొన్ని వారాలు మానండి.

మళ్లీ మళ్లీ వస్తే కీలు పాడవుతుందా?

ఒకసారి వచ్చిన రక్తాన్ని కీలు చాలావరకు పీల్చేసుకుంటుంది. పదేపదే వస్తే రక్తంలోని ఇనుము లోపలి పొరలో పేరుకుని వాపు నిలిచిపోతుంది, గుజ్జు కరుగుతుంది. వాచిన పొర మళ్లీ సులువుగా రక్తం కారుస్తుంది. అదే కీలు రెండోసారి నిండితే ఎంఆర్ఐ అడగడం న్యాయమే.

చిన్న జ్వరానికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవచ్చా?

పిరుదుకో, చేతికో కండరంలో వేసే సూది వద్దు, అందులో డైక్లోఫెనాక్ అయితే అసలే వద్దు. కండరంలో రక్తం చేరి గడ్డకట్టి కూర్చుంటుంది. టీకాలకి సన్నటి సూది వాడి, తీశాక రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టమంటారు, అది వేరు. ఆర్ఎంపీకి మీ మందు పేరు గుర్తుండాలని లేదు. ఫోన్ కవర్ వెనక ఒక చీటీ పెట్టుకోండి: మాత్ర పేరు, ఎం.జి., ఎందుకు వాడుతున్నారు, చివరి ఐఎన్ఆర్, ఇంట్లో ఒకరి నంబర్. యాంటీబయాటిక్ రాస్తే మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ చేయించుకోండి, కోర్సు అయ్యేదాకా ఆగకుండా.